తీగ కొసన మడత

“షెడ్డు వెనకున్న పికప్‌ని కోసేద్దాం,” అని అమ్మ అన్నప్పుడు నాన్న చేతిలో ఫోర్కు ఆగలేదు. గుడ్డు ముక్క నోటికి చేరింది. నమిలాడు, మింగాడు, పైన కాఫీ కూడా తాగాడు. ఏదైనా అడిగితే ముందు చేతిలో పని ఆపి, ఆ తర్వాత జవాబు వెతుక్కునే మనిషి ఆయన. ఆ చేతులు ఆగకపోవడం చూసి నా అరికాళ్ళు చల్లబడ్డాయి.

ఆ బండి ఊసు మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. మా అన్న కిప్ దాని వెనక తొట్టిలోంచి పడి చనిపోయాడు. అప్పుడు వాడికి తొమ్మిదేళ్ళు, నాకు నాలుగు. మేత బస్తాల మీద కూర్చుని, వెనక తలుపుకి వీపు ఆనించుకుని వస్తున్నాడు. ఆ కాలంలో మా ఐడహో లోయలో పిల్లలంతా అలాగే వచ్చేవాళ్ళు. ఎవరికీ తప్పనిపించేది కాదు. కొండ మలుపు దగ్గర బండి ఎత్తు ఎక్కుతుంటే తలుపు తెరుచుకుంది. బస్తాలతో పాటు వాడూ జారిపోయాడు. నేను ముందు సీట్లో అమ్మానాన్నల మధ్య నిద్రపోతున్నానట. నాకు గుర్తున్నది గేరు రాడ్డు చల్లగా మోకాలికి తగలడం ఒక్కటే.

ఆ రోజు మేత దుకాణం ముందు ఆ తలుపు వేసింది అమ్మ.

ఇంతకుమించి ఎవరూ ఏమీ అనలేదు, అనాల్సిన పని లేకపోయింది. అప్పట్నుంచి అమ్మ ఏ తలుపు వేసినా రెండోసారి లాగి చూడందే అక్కణ్ణుంచి కదలదు. ఫ్రిజ్, కోళ్ళగూడు, కారు, చర్చి తలుపు, ఏదైనా సరే. స్కూలు వంటగదిలో ఆమెతో పనిచేసేవాళ్ళు “ఓవెన్ ఎక్కడికీ పారిపోదులే వెర్లా” అని నవ్వేవాళ్ళు. అమ్మ కూడా నవ్వేది. నవ్వుతూనే మళ్ళీ లాగేది. కొందరికి ఎడమ కన్ను అదిరినట్టు అదీ ఆమె పుట్టుకతో వచ్చినదే అనుకుంటూ పెరిగాను.

“కోసి ఏం చేద్దామని?” అన్నాడు నాన్న కాఫీ కప్పు కింద పెట్టి.

“వెనక సగాన్ని ట్రైలర్ చేద్దాం. పైన కప్పు, లోపల పక్క. సరస్సు దగ్గరికి లాక్కెళ్ళి నీళ్ళ చప్పుడు వింటూ పడుకుంటాను. కొత్తవి కొనే తాహతు మనకెక్కడిది? అందరూ పాత తొట్లతోనే చేసుకుంటున్నారు.”

“తుప్పు పట్టిపోయింది.”

“తుప్పు సంగతి ట్రీనా చూసుకుంటుంది. వేసవిలో దానికి బస్సులు లేవుగా.”

నేను జిల్లా స్కూలు బస్సుల గ్యారేజీలో మెకానిక్‌ని. బడి మూసేస్తే నాకూ పని ఉండదు. అది నిజమే. “అమ్మా, తొట్టే కావాలంటే డ్వెయిన్ బాబాయ్ యార్డులో బోలెడున్నాయి. మంచిది చూసి తెస్తాను.”

“నాకు అదే కావాలి,” అంది అమ్మ. “ఈ వంటింటి కిటికీ ముందు నిలబడి ఇన్నేళ్ళు గిన్నెలు కడిగాను. తలెత్తితే అది కనబడుతుందని ఒక్కరోజు కూడా తలెత్తలేదు. ఇప్పుడు రిటైరయ్యాను. ఇక ఆ కిటికీలోంచి చూడాలనుంది.”

ఇంత పొడుగు మాట ఆమె నోట నేనెప్పుడూ వినలేదు. నాన్న లేచి కంచం సింకులో పెట్టాడు. గుమ్మం దాటేటప్పుడు వెనక్కి తిరక్కుండానే “నీ ఇష్టం” అన్నాడు.

*

డ్వెయిన్ బాబాయ్ నాన్నకి చిన్నప్పటి స్నేహితుడు. పాత బండ్లు కొని విడగొట్టి అమ్ముతాడు. గ్యాస్ కట్టర్, ట్రాక్టరు తీసుకుని వచ్చాడు గానీ, షెడ్డు వెనక కంచె గేటు దగ్గరే ఆగిపోయాడు. గొలుసు ఎప్పుడో తెగిపోతే నాన్న గడ్డి మోపులు కట్టే తీగతో గేటుని స్తంభానికి చుట్టేశాడు. మా పొలంలో విరిగిన ప్రతిదానికీ అదే మందు. సైలెన్సర్ ఊగితే ఆ తీగ, బకెట్ పిడి ఊడితే ఆ తీగ.

“మీ నాన్న చుట్టిన తీగ విప్పాలంటే మనిషి తలకిందులుగా నిలబడాలే పిల్లా,” అన్నాడు బాబాయ్ పటకారుతో కుస్తీ పడుతూ. “లోకమంతా ఇటు తిప్పితే ఈ మహానుభావుడు అటు తిప్పుతాడు.”

“ఎడమచేతి వాటం కదా.”

“ఎడమచేతి వాటమైతే మాత్రం ఊపిరాడకుండా బిగించాలా? ఉరి తీస్తున్నట్టు! కొసన మాత్రం చూడు, ఎంత ముద్దుగా మడిచాడో. ఆడపిల్ల చెవిపోగులా.”

నిజమే. నాన్న చుట్టిన ప్రతి తీగకీ కొసన చిన్న సున్నా ఉంటుంది. అదెందుకో నేనెప్పుడూ అడగలేదు.

“కిప్‌గాడి అరచెయ్యి చీరుకుపోయింది చూడు, కంచె తీగ గుచ్చుకుని. అప్పట్నుంచీ...” అని బాబాయ్ ఠక్కున ఆగిపోయాడు. నా మొహం చూశాడు. “పద పద. ఎండెక్కుతోంది.”

బండికి కోత పెట్టడానికి నేననుకున్నంత సేపు పట్టలేదు. డ్రైవరు గది వెనకాల రెండు ఛాసిస్ పట్టీలూ ఎర్రగా కాగి తెగాయి. ట్రాక్టరు లాగగానే ముందు సగం మూలిగి పక్కకి జరిగింది. వెనక సగం తన రెండు చక్రాల మీద ఒక్కసారి ముందుకి వంగి, మట్టిలో ముక్కు గుచ్చుకుని నిలబడింది. దాని కింద గడ్డి తెల్లగా, వెలుతురెరగని మొలకలా ఉంది. అమ్మ వసారాలో నిలబడి చేతులు తుడుచుకుంటూ చూస్తోంది. చేతులు ఎప్పుడో ఆరిపోయి ఉంటాయి. అయినా తుడుచుకుంటూనే ఉంది.

ఆ సాయంత్రం నాన్న పొలం నుంచి వచ్చి తొట్టి చుట్టూ ఓసారి తిరిగాడు. దాన్ని చేత్తో తాకలేదు.

“వెనక తలుపుని వెల్డింగ్ చేసి మూసెయ్ ట్రీనా. దాని వెనక ప్లైవుడ్ గోడ కట్టు.”

“మూసేస్తే నా వంట ఎక్కడ?” అంది అమ్మ వసారాలోంచి. “ఆ తలుపు కిందికి దించితే దాని మీదే నా పొయ్యి. అందరూ అలాగే పెట్టుకుంటారు.”

“వాన కారుతుంది.”

“కారితే తడుస్తాను. కరిగిపోవడానికి ఉప్పుబొమ్మనా?”

నాన్న నావైపు చూశాడు. ఆ చూపులో ఉన్నది బతిమాలడం. అమ్మ చెయ్యి మళ్ళీ ఆ తలుపు మీద పడకుండా కాపాడుతున్నాడనుకున్నాను. ఆయన మీద జాలితో పాటు కొంచెం గర్వం కూడా కలిగింది.

*

జూన్ అంతా ఆ తొట్టితోనే గడిచింది. ఛాసిస్ పట్టీలకి ఇనప ముక్కలు అతికి, ముందుకి లాగి, ముక్కులా కలిపాను. కిటికీలకి తుక్కులో పడేసిన స్కూలు బస్సువి తెచ్చాను. కిందికి జారే ఆ అద్దాలు చూసి అమ్మ పడీపడీ నవ్వింది. “ఇందులో పడుకుంటే కలలో పిల్లలు తిండి కోసం వరస కడతారేమో!” నేలకి ప్లైవుడ్ వేసిన రోజున షూ విప్పి వాకిట్లో పెట్టి, మేజోళ్ళతో లోపలికి ఎక్కింది. ఎక్కి, సరిగ్గా వెనక తలుపు ఉన్నవైపు వెళ్ళి, దానికి వీపు ఆనించి కూర్చుంది. నా చేతిలో డ్రిల్లు తిరుగుతూనే ఉంది. దాన్ని ఆపాలని కూడా తోచలేదు.

“ఇక్కణ్ణుంచి కొండలన్నీ వెనక్కి పోతున్నట్టు కనబడతాయి,” అంది. “వాడికి అదే ఇష్టం. ముందుకి చూస్తూ కూర్చోరా అంటే, ముందు ఏముందో తెలిసిపోతే ఇంకేం మజా ఉందమ్మా అనేవాడు.”

వాడి గురించి అమ్మ నాతో మాట్లాడిన మొదటి మాట అది. ఆ తర్వాత రోజుకొకటి చెప్పడం మొదలుపెట్టింది. వాడికి చిక్కుడు గింజలు పడేవి కావట. నేను పుట్టినప్పుడు నన్ను చూసి, దీన్ని కుక్కపిల్లతో మార్చుకోవచ్చా అని అడిగాడట. ఇలా చెప్పుకుంటూ పరుపు గుడ్డ కుట్టేది. కుట్టు ఆపి, పక్క మీద ఇటునుంచి అటు దొర్లి చూసేది.

“ఇద్దరికి సరిపోతుందంటావా?”

“నాన్నా నువ్వూ ఒద్దికగా పడుకుంటే సరిపోతుంది.”

“ఆయన గురకకి సరస్సులో చేపలన్నీ అవతలి ఒడ్డుకి పారిపోతాయి,” అని నవ్వింది. ఆ నవ్వులో సిగ్గు కూడా ఉంది. ఈ వయసులో అమ్మ సిగ్గుపడటం చూసి నేను తల తిప్పుకున్నాను.

ఇక మిగిలింది ఆ తలుపే. వేస్తే కుడి మూల కొంచెం ఎత్తుగా నిలబడేది. గొళ్ళేలు ఎండిపోయి ఉంటాయి, లోపలి రేకు విప్పి నూనె పోస్తే సరిపోతుందనుకున్నాను. నాన్న పై చేలో నీటి గొట్టాలు మార్చడానికి వెళ్ళిన పూట చూసి పనిలో దిగాను. ఆయన లేనప్పుడే చెయ్యాలని ఎందుకనిపించిందో నాకు తెలియదు. బహుశా ఆ బతిమాలిన చూపు ఇంకా నా వీపుమీద ఉందేమో.

స్క్రూలు తుప్పుతో బిగుసుకుపోయాయి. ఒక్కొక్కటీ అరుస్తూ వచ్చింది. రేకు ఊడదీసి పక్కన పెట్టాను.

అలాంటి తలుపుల్లో కొత్తేమీ ఉండదు. మధ్యలో పిడి, దాన్నుంచి రెండు వైపులకీ రెండు కడ్డీలు, కడ్డీల చివర రెండు కొక్కేలు. పిడికీ కడ్డీకీ మధ్య చిన్న క్లిప్పు. ఎడమవైపు క్లిప్పు ఉంది. కుడివైపు క్లిప్పు లేదు. దాని బదులు గడ్డి మోపులు కట్టే తీగ ఉంది.

నా మనసుకి ముందుగా తట్టింది ఒక మెకానిక్ ఆలోచన. ఇంత బిగించకూడదు. ఇంత బిగిస్తే కడ్డీ లోపలికి లాక్కుపోయి, కుడి కొక్కెం సగమే బయటికి వస్తుంది. తలుపు వేస్తే చప్పుడు వస్తుంది, పడినట్టే ఉంటుంది. కానీ బరువు పడితే ఆ మూల ఆగదు. ఎవడీ పని చేసిన వెధవ అనుకున్నాను. ఆ తర్వాత తీగ మెలి చూశాను. అది అటు తిరిగి ఉంది. లోకం తిప్పని వైపు. ఆ తర్వాత కొసన సున్నా.

కాసేపు అవి మూడు వేరు వేరు సంగతులుగానే ఉన్నాయి. నా తల వాటిని పక్కపక్కన పెట్టడానికి ఒప్పుకోలేదు. గ్రైండర్ ఆపేశాక చెవుల్లో మిగిలే హోరులాంటిది మొదలైంది. వెంటనే చేతులు వాటంతట అవే రేకు ఎత్తి, తలుపుకి ఆనించి, మొదటి స్క్రూ బిగించసాగాయి.

“మళ్ళీ మూస్తున్నావేం? నూనె డబ్బా ఇంకా అరుగు మీదే ఉంది,” అంది అమ్మ.

నా వెనకే ఉంది. చేతిలో నాకోసం తెచ్చిన నిమ్మరసం గ్లాసు.

“ఏం లేదమ్మా. బాగానే ఉంది.”

అమ్మ నా మొహంలోకి చూసింది. ఏళ్ళ తరబడి స్కూలు పిల్లల అబద్ధాలు వడ్డన బల్ల ఇవతల నుంచి చూసిన కళ్ళు అవి.

“తియ్యి,” అంది.

తీశాను.

ఆమెకి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. బట్టల తాడు దగ్గరా కోళ్ళగూడు దగ్గరా ఆ మెలిని రోజూ చూస్తూనే ఉంటుంది. తలుపు మీదికి వంగింది. చూపుడువేలితో కుడి కొక్కేన్ని నొక్కింది. అది కొంచెం కదిలి, సగంలో ఆగింది.

“ఇది పూర్తిగా రావట్లేదు.”

“రాదు.”

“ఎడమది?”

“బాగుంది.”

“అయితే ఆ రోజు నేను...”

“వేశావమ్మా. ఎవరు వేసినా ఒకవైపే పడేది. బయట నిలబడ్డవాళ్ళకి తెలిసే వీల్లేదు.”

“నేను వేశాను,” అంది అమ్మ. అది ప్రశ్నలా లేదు. ఎక్కడో విడిచిపెట్టిన వస్తువు చేతికి దొరికితే దాని బరువు చూసుకుంటున్నట్టుంది. తర్వాత చిటికెనవేలిని ఆ తీగ కొసనున్న సున్నాలోకి దూర్చింది.

“చూడు. ఏ చెయ్యీ దూరని చోట కూడా మడిచాడు.”

నాకోసం తెచ్చిన నిమ్మరసం మొత్తం తనే తాగేసింది, గ్లాసు దించకుండా, దాహంతో ఉన్న పశువులా. ఖాళీ గ్లాసు పట్టుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది. వంటింటి తలుపు ఆమె వెనక దానంతట అదే కొట్టుకుంది. ఆ పూట దాన్ని కూడా ఎవరూ లాగి చూడలేదు.

*

మధ్యాహ్నం ఎప్పటిలాగే బల్ల మీద పందిమాంసం, ఉడికిన బంగాళదుంపలు, బీన్స్ ఉన్నాయి. నాన్న చేతులు కడుక్కుని కూర్చున్నాడు. అమ్మ ఆయనకి వడ్డించింది, నాకు వడ్డించింది, తనకి వడ్డించుకోలేదు.

“వెనక తలుపు విప్పాం, ఆర్లో.”

ఈసారి నాన్న చేతులు ఆగాయి. కత్తి ఒకచోట, ఫోర్కు ఒకచోట, బంగాళదుంప మధ్యలో.

“క్లిప్పు విరిగింది,” అన్నాడు. “ఆ వారమే. చేలో గడ్డి కోసి పడి ఉంది, పైన మబ్బులు. ఊళ్ళోకి వెళ్ళి తెచ్చే తీరిక లేకపోయింది. ఆ ఒక్క వారానికని...”

“బండి తీసుకురాగానే పోలీసాయన అడిగాడు, తలుపు ఎవరు వేశారని. నేనే వేశానన్నాను. నువ్వు నా పక్కనే ఉన్నావు.”

“ఉన్నాను.”

“అది ఆ తీగవల్లేనని అప్పటికి నీకు తెలుసా?”

“తెలీదు. ఒట్టు, వెర్లా. ఇవాళ్టికీ తెలీదు. నేను విప్పి చూడలేదు.”

“ఎందుకు చూడలేదు?”

నాకు ఆ క్షణంలో షెడ్డు వెనక గేటుకి చుట్టిన తీగ కళ్ళముందు మెదిలింది. బండిని అమ్మెయ్యకుండా, తగలబెట్టకుండా, ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా అక్కడే ఎందుకుంచాడో అర్థమైంది. అది కిప్ గుర్తుగా ఉంచాడనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆయన అక్కడ దాచుకున్నది తెలియకపోవడాన్ని. దానికి కంచె కట్టి, గేటు బిగించి, నా తల్లి నిద్రని మేతగా వేసి పెంచాడు. అంత మెత్తటి మనిషి, తీగ కొస ఎవరికీ గుచ్చుకోకూడదని మడిచే మనిషి. ఆ ఇద్దరు మనుషులూ ఒకే కుర్చీలో కూర్చుని ఉన్నారు.

అమ్మ గొంతు పెంచలేదు.

“నేను తలుపులు లాగుతుంటే చూస్తూ కూర్చున్నావు,” అంది. “ప్రతి రాత్రీ. పక్కలోంచి లేచి వెళ్ళి, వంటింటి తలుపు లాగి వచ్చి పడుకునేదాన్ని. నువ్వు మెలకువగానే ఉండేవాడివి. ఒక్కసారి, ఆర్లో. ఒక్కసారి, అది నీ తప్పు కాకపోవచ్చు అనాల్సింది. కాకపోవచ్చు అంటే చాలు. ఇంకేం అడిగేదాన్ని కాదు.”

అమ్మ బీన్స్ గిన్నెని ఆయన వైపు జరిపింది.

“తినండి, చల్లారిపోతుంది,” అంది అమ్మ. నాన్న నిజంగానే తినడం మొదలుపెట్టాడు. చెబితే చేసే చిన్నపిల్లాడిలా, కళ్ళు తుడుచుకోకుండా, కంచంలో ఉన్నదంతా తిన్నాడు.

*

తీగని పటకారుతో కత్తిరించబోతే అమ్మ వద్దంది. తనే కూర్చుని, అటు చుట్టినదాన్ని ఇటు తిప్పుతూ, ఓపిగ్గా విప్పింది. విప్పి, ఆ వంకర తీగని సున్నాతో సహా వంటింటి కిటికీ గట్టు మీద పెట్టింది. అక్కణ్ణుంచి చూస్తే షెడ్డు వెనక ఖాళీ నేల కనబడుతుంది. అక్కడ తెల్లగడ్డి అప్పుడప్పుడే పచ్చబడుతోంది. నాన్న కాఫీ పోసుకునేటప్పుడు ఆ గట్టు మీదికే చెయ్యి చాచాలి. రోజూ చాచాడు. తీగని జరపలేదు.

నేను ఊళ్ళోంచి కొత్త క్లిప్పు తెచ్చి బిగించాను. అరచేతిలో పెట్టుకుంటే కనబడనంత చిన్నది. కప్పు మీద రేకు కొట్టాను, అద్దాల చుట్టూ రబ్బరు పెట్టాను. ట్రైలర్ పూర్తయింది. డ్వెయిన్ బాబాయ్ చూడటానికి వచ్చి, “ఇదేం ట్రైలరే, చక్రాలు కట్టిన కోళ్ళగూడులా ఉంది” అన్నాడు గానీ, ఇంట్లో ఎవరూ నవ్వకపోయేసరికి టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆగస్టులో ఓ ఉదయం దాన్ని నా పికప్‌కి తగిలించి తాళాలు అమ్మకిచ్చాను. “నన్ను రమ్మంటావా?” అని అడిగాను. తల అడ్డంగా ఊపింది. గుడ్లు, రొట్టె, చేపలు పట్టే గాలం లోపల సర్దుకుంది.

అప్పుడు నాన్న ఇంట్లోంచి వచ్చాడు. గడ్డం గీసుకున్నాడు. చంకలో దుప్పటి చుట్ట, అందులో ఆయన దిండు. ఏమీ అడగలేదు. బండి పక్కకి వచ్చి, ఆ చుట్ట పట్టుకుని నిలబడ్డాడంతే.

అమ్మ ఆయన చేతుల్లోంచి చుట్ట తీసుకుంది. ఆయన్నీ వెంట తీసుకెళ్తుందనుకున్నాను. ఆమె చుట్ట విప్పింది. దుప్పటిని మడిచి లోపల పక్క మీద పెట్టింది.

“రాత్రిళ్ళు అక్కడ చలి. ఇది ఉండనీ,” అంది. దిండుని ఆయన చేతికి తిరిగిచ్చింది.

తర్వాత వెనక తలుపు ఎత్తి వేసింది. రెండు కొక్కేలూ ఒకేసారి పడ్డ చప్పుడు వాకిలంతా వినబడింది. అమ్మ చెయ్యి తీసేసింది. తిరిగి బండి ముందుకి నడిచింది. ఆమె రెండోసారి లాగలేదని గ్రహించేసరికి ఇంజను మొదలైంది.

దుమ్ము లేపుకుంటూ ట్రైలర్ రోడ్డెక్కింది. ఊగలేదు, పక్కకి లాగలేదు. మలుపు దాకా నేను తలుపునే చూస్తూ నిలబడ్డాను. తర్వాత ఇంట్లోకి వచ్చి, పొద్దుటి గిన్నెలు కడగడానికి కిటికీ ముందు నిలబడ్డాను.

నాన్న దిండు చంకలో పెట్టుకుని వెళ్ళి వాకిలి గేటు మూశాడు. గొళ్ళెం వేశాడు. ఇంటివైపు నడిచాడు. నాలుగడుగులు వేసి ఆగాడు. వెనక్కి వెళ్ళి, గేటుని ఒకసారి లాగి చూశాడు.